ఏ కప్పు కింద, ఏ వాడలో: కరీంనగర్, ఆదిలాబాద్ ఎండకాలంలో ఇంటి ప్రశ్న

పరిశోధన పని మీద ఒక ఏప్రిల్ నెలలో మేము కరీంనగర్‌లో గది వెతికాం. మొదటి అంతస్తులో రెండు గదులు, ఎదురెదురు కిటికీలు, ముందు వేపచెట్టు. గేటుకు 'టులెట్' బోర్డు ఉంది. ఇంటావిడ ముందు ఊరడిగింది, తర్వాత ఇంటిపేరు అడిగింది, చివరకు "మీరేం కులపోళ్లు బిడ్డా?" అనడిగింది. చెప్పాం. ఆ గదులు అప్పటికే ఎవరికో మాటిచ్చారట. కావాలంటే మీద పెంట్‌హౌస్ ఉందన్నారు. పెంట్‌హౌస్ అంటే డాబా మీద కట్టిన ఒంటి గది. పైన సిమెంటు రేకులు, మూడు దిక్కులా ఎండ, ఒకటే కిటికీ. వేరే దిక్కులేక రెండున్నర నెలలు అందులోనే ఉన్నాం. పగలంతా కాలిన డాబా రాత్రి పన్నెండింటికి కూడా అరికాళ్లకు వేడిగా తగిలేది. కింద ఆ బోర్డు మే నెలాఖరు దాకా అట్లనే వేలాడింది.

దళిత విద్యార్థులకు ఇది కొత్త అనుభవం కాదు. ఢిల్లీ చుట్టుపక్కల అద్దె ఇళ్ల మీద సుఖదేవ్ థోరట్ బృందం చేసిన అధ్యయనం 2015లో వచ్చింది. కులం పేరు, మతం పేరు తెలిశాక ఇల్లు దొరకడం ఎట్లా మారిపోతుందో అది చూపించింది. అందులో మాకు కొట్టొచ్చినట్టు కనిపించింది ఒకటుంది. పూర్తిగా కాదనడం ఒక పద్ధతి. ఒప్పుకుంటూనే షరతులు పెట్టడం, అద్దె పెంచడం ఇంకో పద్ధతి. ఎండలు 45 డిగ్రీలు దాటే జిల్లాల్లో ఈ రెండో పద్ధతికి ఇంకో రూపం ఉంది. ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ కాలే గది మనకు ఇస్తారు.

ఎండకాలంలో ఎటువంటి ఇంట్లో ఉండాలి అని పత్రికల్లో వచ్చే సలహాలన్నీ ఎంచుకునే వీలున్నవాళ్లకు రాసినవి. ఎండ ఇంట్లోకి ఎట్లా వస్తుంది, అందులో కులం పాలెంత, చట్టాలూ పథకాలూ ఏమంటున్నాయి అన్నవి ఒకచోట పెట్టడానికే ఈ వ్యాసం. కరీంనగర్, ఆదిలాబాద్ అని మేమంటున్నది 2016 అక్టోబర్‌కు ముందున్న ఉమ్మడి జిల్లాలను. ఇప్పటి పెద్దపల్లి, జగిత్యాల, రాజన్న సిరిసిల్ల మొదటిదాంట్లో ఉండేవి. మంచిర్యాల, నిర్మల్, కుమురం భీం ఆసిఫాబాద్ రెండోదాంట్లో ఉండేవి. 2011 జనగణన ప్రకారం ఉమ్మడి కరీంనగర్‌లో ఎస్సీలు దాదాపు 19 శాతం. ఉమ్మడి ఆదిలాబాద్‌లో ఎస్సీలు, ఎస్టీలు ఇద్దరూ చెరో 18 శాతం.

వడగాలి వేరు, ఉడుకపోత వేరు

మన దగ్గర ఎండకాలం ఒకటి కాదు, రెండు. ఏప్రిల్, మే నెలల్లో గాలి పొడిగా ఉంటుంది, వడగాలి కొడుతుంది. జూన్‌లో మబ్బులు పట్టి వాన పడని రోజుల్లోనూ, మళ్లీ సెప్టెంబర్ చివర నుంచి అక్టోబర్ దాకానూ ఎండ తగ్గినట్టే ఉంటుంది గానీ ఒళ్లంతా చెమట, ఆ చెమట ఆరదు. ఈ రెండో ఎండకాలాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. పేపర్లో డిగ్రీలు తక్కువగా కనిపిస్తాయి కాబట్టి.

మన ఒంటిని చల్లబరిచేది చెమట కాదు, చెమట ఆరడం. గాలిలో తేమ పెరిగితే అది ఆగిపోతుంది. అమెరికా వాతావరణ సంస్థ వాడే లెక్క ప్రకారం 35 డిగ్రీల ఎండలో తేమ 40 శాతం ఉంటే ఒంటికి 37 డిగ్రీల్లా తగులుతుంది. అదే 35 డిగ్రీల్లో తేమ 70 శాతం ఉంటే దాదాపు 50 డిగ్రీల్లా ఉంటుంది. తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు 35 డిగ్రీలు చూపిస్తే మనిషి కొన్ని గంటలకు మించి బతకలేడని 2010లో శాస్త్రవేత్తలు అంచనా వేశారు. పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఆరోగ్యంగా ఉన్న యువకుల మీద ప్రయోగాలు చేసి, తేమ ఎక్కువున్నప్పుడు దాదాపు 31 దగ్గరే ఒళ్లు పట్టు తప్పుతుందని 2022లో చెప్పారు. నాటు వేసే ఆడమనిషి ఆ ప్రయోగంలో లేదు. బీపీ ఉన్న ముసలాయన కూడా లేడు.

కూలర్ కథ ఇక్కడే తేలుతుంది. కూలర్ నీళ్లను ఆవిరి చేసి గాలిని చల్లబరుస్తుంది. మే నెల పొడిగాలిలో అది బాగా పనిచేస్తుంది. జూన్ ఉడుకపోతలో తేమను ఇంకా పెంచుతుంది. గాలి బయటకు పోయే దారి లేని ఒంటి కిటికీ గదిలో మే నెలలో కూడా అంతే. కూలర్ కొన్నాక కూడా ఇల్లు ఉడుకుతోందంటే చాలాసార్లు తప్పు కూలర్‌ది కాదు. గదికి రెండో కిటికీ లేదు.

తేమకు ఇంకో కారణం సాగునీరు. సాగునీరు నేల వేడిని తగ్గిస్తుంది గానీ తేమతో కూడిన వేడిని పెంచుతుందని గాంధీనగర్ ఐఐటీకి చెందిన విమల్ మిశ్రా బృందం 2020లో చూపించింది. ఆ అధ్యయనం ముఖ్యంగా గంగా మైదానం మీద చేసింది. కానీ శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ కింద, ఎల్లంపల్లి, మానేరు జలాశయాల చుట్టూ కనుచూపు మేర వరి పండే ఊళ్లలో ఆ ప్రశ్న మనమూ అడగాలి. నీళ్లొచ్చిన భూమి ఒకరిది. ఆ బురదలో వంగి నాటేసే నడుము, కలుపు తీసే చేతులు ఎక్కువగా మాల, మాదిగ ఆడవాళ్లవి.

డిగ్రీలు ఎక్కడ కొలుస్తారు

వాతావరణ శాఖ నిబంధన ప్రకారం మైదాన ప్రాంతంలో పగటి ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలుండి, మామూలు కన్నా 4.5 డిగ్రీలు ఎక్కువైతే వడగాలి అంటారు. లేదంటే నేరుగా 45 దాటాలి. 47 దాటితే తీవ్ర వడగాలి. ఈ కొలత తీసేది తెల్ల రంగు వేసిన, గాలి ఆడే చెక్కపెట్టెలో, నీడలో, ఖాళీ జాగాలో, మనిషి ఛాతీ ఎత్తున. ఆదిలాబాద్, రామగుండం కేంద్రాల అంకెలు మనం రోజూ వినేది అట్లా వచ్చినవే. శాస్త్రానికి అట్లనే కొలవాలి, దానితో మాకు పేచీ లేదు. కానీ మధ్యాహ్నం రెండింటికి సిమెంటు రేకు కింద బీడీలు చుడుతున్న మనిషి చుట్టూ ఎంత వేడి ఉందో ఆ అంకె చెప్పదు. కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్ వైపు బీడీ చేసే ఆడవాళ్లు ఫ్యాన్ కూడా బంద్ పెట్టుకుంటారు. గాలికి ఆకు ఎండి విరుగుతుంది, తంబాకు ఎగిరిపోతుంది.

కప్పు

ఇంట్లోకి వచ్చే వేడిలో పెద్ద వాటా కప్పు నుంచే. ఎండకాలంలో సూర్యుడు నడినెత్తి మీదుంటాడు కాబట్టి గోడల కంటే కప్పు ఎక్కువ కాలుతుంది.

సిమెంటు రేకు మందం అరసెంటీమీటరు చుట్టుపక్కల. పొద్దున తొమ్మిదికే వేడెక్కి, ఆ వేడిని సూటిగా తల మీదికి దించుతుంది. ఇనుప రేకు ఇంకా ఘోరం. అయితే రేకు తొందరగా చల్లారుతుంది కూడా, అర్ధరాత్రి దాటాక ఆ కప్పు కింద కొంత నయం. స్లాబ్ దీనికి తలకిందులు. నాలుగైదు అంగుళాల కాంక్రీటు పొద్దంతా వేడిని పీల్చి సాయంత్రం నుంచి లోపలికి వదులుతుంది. పగలు పది గంటలకు హాయిగా ఉన్న స్లాబ్ ఇల్లు రాత్రి పదింటికి ఉడుకుతుంది. అందుకే 'రేకు మంచిదా, స్లాబ్ మంచిదా' అన్న ప్రశ్నకు జవాబు పగలు ఇంట్లో ఎవరుంటారన్న దాన్ని బట్టి మారుతుంది. చంటిపిల్లలు, ముసలివాళ్లు, బీడీ పని ఉన్న ఇంట్లో రేకు ప్రాణం తీస్తుంది. పగలంతా కూలికి పోయి రాత్రి నిద్రకే ఇంటికొచ్చేవాళ్లను స్లాబ్ నిద్రపోనివ్వదు. కానీ స్లాబ్ మీదికెక్కి పడుకోవచ్చు. రేకు మీద పడుకోలేం.

గూనపెంకల ఇల్లు వీటన్నిటికంటే చల్లన. పెంకల సందుల్లోంచి వేడిగాలి పైకి పోతుంది, కప్పు ఎత్తుగా ఉంటుంది, మట్టిగోడ మందంగా ఉంటుంది. ఆదిలాబాద్ గోండు, కొలాం గూడేల్లో వెదురు తడకకు మట్టి మెత్తిన గోడలు ఎండకే కాదు, చలికీ పనికొస్తాయి. రాష్ట్రంలో చలి అందరికంటే ఎక్కువ పడేది కూడా ఆ జిల్లాలోనే కదా. అయితే పట్నం నుంచి వచ్చి మట్టి ఇళ్లను చూసి మురిసిపోయే వాస్తుశిల్పులతో మాకు పేచీ ఉంది. గుడిసెకు ఏటా గడ్డి మార్చాలి, ఒక్క నిప్పురవ్వకు వాడంతా కాలిపోతుంది. పెంకల మీద కోతులు దూకి పగలగొడతాయి. కరీంనగర్ పల్లెల్లో పెంకలు దించి రేకులు వేసిన చాలామంది చెప్పే కారణం కోతులే. గోడలు అలికేది, ఏటా మెత్తేది ఆడవాళ్లు. పైగా స్లాబ్ ఇల్లు మన వాడల్లో ఇల్లు మాత్రమే కాదు. దొర ఇంటి ముందు తల వంచకుండా నిలబడటం కూడా. చల్లగా ఉంటుందని దళితుణ్ని మళ్లీ గుడిసెలోకి పొమ్మనే సలహా మాకొద్దు. స్లాబ్‌ను చల్లగా కట్టే దారి కావాలి.

ఆ దారి కష్టమైంది కాదు. కప్పు మీద తెల్ల సున్నం, అందులో కొంచెం జిగురు కలిపి రెండు మూడు పూతలు వేస్తే ఎండలో చాలా భాగం వెనక్కి తిరిగిపోతుంది. 2017లో హైదరాబాద్ దేవరకొండ బస్తీలో 25 ఇళ్ల కప్పుల మీద తెల్లని పొర పరిచి చూస్తే లోపల సగటున 2 డిగ్రీల దాకా తగ్గింది. రెండు డిగ్రీలేనా అనిపిస్తుంది. నిద్ర పట్టడానికీ పట్టకపోవడానికీ మధ్య తేడా చాలాసార్లు అంతే.

వాడ

ఒకే రకం ఇల్లు ఊర్లో ఉంటే ఒక తీరు, వాడలో ఉంటే ఒక తీరు. బొడ్రాయి దగ్గర రావిచెట్టు, గద్దె, చుట్టూ పెద్ద వాకిళ్లు. అక్కడి నుంచి దళితవాడకు నడిస్తే చెట్లు తగ్గిపోతాయి, సందులు ఇరుకవుతాయి. సర్కారు ఇచ్చిన జాగా అరవై డెబ్బై గజాలు. అందులో ఇద్దరు కొడుకులు వేరుపడితే మధ్య గోడ లేస్తుంది, పక్కింటి గోడ మన గోడ ఒకటవుతాయి, కిటికీ పెట్టడానికి చోటే ఉండదు. చెట్టు పెట్టాలంటే నేల కావాలి. గాలి రావాలంటే పక్కన ఖాళీ కావాలి. ఎండను తట్టుకునే శక్తి చివరకు గజాల లెక్కలోకి వస్తుంది.

ఇది మన ఊళ్లకే పరిమితం కాదు. అమెరికాలో 1930లలో నల్లజాతి పేటలను మ్యాపుల మీద ఎర్రగీతతో గుర్తించి ఇంటిఅప్పులు ఇవ్వకుండా ఆపారు. 108 నగరాల్లో ఆ పాత మ్యాపులను ఉపగ్రహ కొలతలతో పోల్చి చూస్తే, గీత లోపలి పేటలు సగటున 2.6 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉన్నాయని 2020లో తేలింది. గీత గీసిన దాదాపు ఎనభై ఏళ్లకు కూడా. మన దేశంలో సుమారు 15 లక్షల నివాస ప్రాంతాల సమాచారం తీసుకుని పాల్ నోవొసాద్, శామ్ ఆషర్ తదితరులు చేసిన అధ్యయనంలో ఎస్సీలు, ముస్లింలు ఎక్కువగా ఉండే పేటలకు సర్కారు సేవలు తక్కువగా అందుతున్నాయని కనిపించింది. పని దగ్గరా ఇదే తేడా. దళిత, ఆదివాసీ కార్మికులు ఆరుబయట ఎండలో పనిచేసే గంటలు మిగతా కులాల కంటే ఎక్కువని బెంగళూరు ఐఐఎం పరిశోధకులు 2025లో ప్రచురించారు. పగలంతా పొలంలో, క్వారీలో, తునికాకు కల్లంలో కాలిన ఒళ్లు రాత్రికి చల్లబడాలి. లేకపోతే మర్నాటి ఎండ నిన్నటి ఎండ మీద చేరుతుంది.

రాత్రి

అందుకే ఇంటి ప్రశ్న అసలు రాత్రి ప్రశ్న అని మేమంటాం. వాతావరణ శాఖ 'వెచ్చని రాత్రి' అని ఒక హెచ్చరిక ఇస్తుంది. పగలు 40 దాటిన రోజు రాత్రి ఉష్ణోగ్రత మామూలు కన్నా 4.5 డిగ్రీలు ఎక్కువుంటే అది వెచ్చని రాత్రి. ఈ హెచ్చరిక టీవీ వార్తల్లో ఎప్పుడో గానీ వినపడదు.

వాకిట్లో మంచం వేసుకుని పడుకోవడం మన పల్లెల పాత ఉపాయం. మగవాళ్లకు ఇప్పటికీ అదే ఉపాయం. పెళ్లీడు ఆడపిల్లలున్న ఇంట్లో, ఒంటరి ఆడమనిషి ఇంట్లో తలుపులు మూసే పడుకుంటారు. వాడలో పడుకున్న దళిత స్త్రీ భయం దోమలకూ పాములకూ మాత్రమే కాదు. ఆ భయం ఎవరి గురించో చదివేవాళ్లకు మేం చెప్పనక్కర్లేదు. ఒకే ఇంట్లో అన్న బయట పడుకుంటే, చెల్లె రేకుల కింద కిటికీ మూసుకుని పడుకుంటుంది. ఎండ మీద వచ్చే ఏ సర్వేలోనూ ఈ రెండు పక్కల తేడా మాకు కనపడలేదు.

బొగ్గు ఊళ్లు, అడవి ఊళ్లు

రామగుండం, గోదావరిఖని, మంచిర్యాల వైపు ఇంకో చిక్కుంది. 2600 మెగావాట్ల ఎన్టీపీసీ, దాని పక్కనే వచ్చిన తెలంగాణ ప్లాంటు, సింగరేణి ఓపెన్‌కాస్టులు, వాటి మట్టిగుట్టలు. చెట్టు లేని నేల ఎక్కువైన చోట వేడి ఎక్కువ. గాలి కోసం కిటికీ తీస్తే దుమ్ము, దుమ్ము కోసం మూస్తే ఉడుకు. కంపెనీ క్వార్టర్ల లైన్లలో వేపచెట్లు కనిపిస్తాయి, నీళ్లొస్తాయి. కాంట్రాక్టు కార్మికులు ఉండే రేకుల గదులు ఆ గోడకు అవతల ఉంటాయి. ఒకే గనికి పోయే ఇద్దరు రెండు రకాల రాత్రుల్లో పడుకుంటారు.

ఉట్నూర్, జైనూర్, కెరమెరి గుట్టల్లో రాత్రి కొంత చల్లన, అడవి ఉన్నంత మేర. అక్కడి కష్టం నీళ్లది. వాగులో చెలిమె తోడి బిందె నింపుకోవాల్సిన గూడెంలో ఎండ దెబ్బ ఇంట్లో కాదు, నీళ్ల దారిలో తగులుతుంది.

ఇల్లు చూసేటప్పుడు

అద్దెకు వెతికే విద్యార్థులకు మా అనుభవం నుంచి నాలుగు మాటలు. గదిని పొద్దున పూట చూసి ఒప్పుకోవద్దు, రాత్రి ఎనిమిది తర్వాత ఒకసారి పోయి స్లాబ్ కింద నిలబడండి. పై అంతస్తు కంటే కింది అంతస్తు మేలు, మీద ఇంకో ఇల్లు ఉంటే మన కప్పుకు అదే గొడుగు. ఎదురెదురుగా రెండు కిటికీలు లేకపోతే కూలర్ మీద డబ్బు పెట్టొద్దు. పడమటి గోడకు నీడ ఉందో లేదో చూడండి. పెంట్‌హౌస్ తప్ప దొరకకపోతే, డాబా మీద సున్నం పూసుకుంటామని ముందే మాట తీసుకోండి. ఖర్చు మనదే అంటే చాలామంది యజమానులు ఒప్పుకుంటారు, వాళ్ల స్లాబ్ కూడా బాగుపడుతుంది మరి. మాకు ఆ సంగతి జూన్‌లో గానీ తెలియలేదు.

కరెంటు లెక్క కూడా వేసుకోండి. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా బిల్లు లేదు. అది దాటితే మొత్తం బిల్లు కట్టాలి. 75 వాట్ల ఫ్యాన్ రోజుకు 18 గంటలు తిరిగితే నెలకు 40 యూనిట్లు. 200 వాట్ల కూలర్ 12 గంటలు నడిస్తే 72. రెండు ఫ్యాన్లు, ఒక కూలర్, లైట్లు, టీవీ వరకు గీత దాటకుండా సాగుతుంది. ఏసీ పెడితే దాటిపోతుంది. గాలి 40 డిగ్రీలు దాటినప్పుడు ఒట్టి ఫ్యాన్ ఒంటిని ఇంకా వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తోంది. అప్పుడు తడిబట్ట ఒంటిమీద వేసుకుని కూర్చోవాలి.

చట్టం, పథకం

ఏ ప్రాంతంలోనైనా ఇల్లు కట్టుకోవడాన్ని, కొనుక్కోవడాన్ని, అందులో ఉండటాన్ని అంటరానితనం పేరుతో అడ్డుకోవడం 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం నాలుగో సెక్షన్ కింద నేరం. 2015లో సవరించిన ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం బావులు, చెరువులు, దారులు, ఊరుమ్మడి వనరులు వాడుకోనీయకపోవడాన్ని నేరాల్లో చేర్చింది. కానీ 'ఖాళీ లేదు' అన్న మాటను కోర్టులో రుజువు చేయడం కష్టం. మా బోర్డు ఫొటో కూడా మేం తీసి పెట్టుకోలేదు. మీరు తీయండి, తేదీతో సహా. మర్నాడు వేరే కులం స్నేహితుణ్ని అదే ఇంటికి పంపి చూడండి.

తెలంగాణ 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల చల్ల కప్పులు లక్ష్యం, అందులో 200 హైదరాబాద్‌లోనే. నివాస ఇళ్లలో 600 గజాలు దాటిన ప్లాట్లకు అది తప్పనిసరి, అంతకు తక్కువైతే యజమాని ఇష్టం. అరవై గజాల వాడ ఇల్లు ఆ 'ఇష్టం' కింద మిగిలిపోయింది. ఇందిరమ్మ ఇళ్లకు సర్కారు ఇచ్చే 5 లక్షలతో కనీసం 400 చదరపు అడుగుల స్లాబ్ ఇల్లు కట్టాలి. ఆ స్లాబ్ మీద తెల్ల పూత, రెండు కిటికీలు, ముందు ఒక సజ్జ అంచనాలోనే చేర్చమని గ్రామసభలో అడగవచ్చు. ఇప్పటికే ఉన్న రేకుల ఇళ్లకు 2017 ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం కింద డబ్బు అడగాలన్నది మా అభిప్రాయం. ఆ నిధి నుంచి రోడ్లకు పోయిన పైసల్లో చిన్న ముక్క చాలు.

ఇక చావుల లెక్క. 2015 మే వడగాలులకు దేశంలో రెండు వేలకు పైగా చనిపోయారు, ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లే. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, పరిహారాన్ని 50 వేల నుంచి 4 లక్షలకు పెంచింది. అయితే ఆ మరణం ఎండ వల్లేనని డాక్టరు, మండల అధికారులు ఒప్పుకోవాలి. ఉపాధి పనిలో, రోడ్డు మీద కూలిపోయిన మనిషికి సాక్షులుంటారు. రేకుల ఇంట్లో మూడు రాత్రులు నిద్రలేక, నీళ్లు తాగక, నాలుగో తెల్లవారుజామున పోయిన ముసలమ్మకు 'గుండె ఆగింది' అని రాస్తారు, లేదా అసలేమీ రాయరు. అటువంటి చావు మీ వాడలో జరిగితే దహనమో ఖననమో కాకముందే తహసీల్దార్‌కు రాతపూర్వకంగా తెలియజేయండి, పోస్టుమార్టం అడగండి, ఆ రోజు మండల ఉష్ణోగ్రత కాగితం తీసుకోండి. కొన్ని వందల రూపాయలకు దొరికే డిజిటల్ మీటరు డిగ్రీలూ తేమా రెండూ చూపిస్తుంది. యువజన సంఘం వాడకు ఒకటి కొని రేకుల ఇంట్లో వేలాడదీసి, పగలు రెండింటికి, రాత్రి పదింటికి అంకెలు నోట్‌బుక్కులో రాస్తూ పోతే, అధికారి ముందు పెట్టడానికి ఆ నోట్‌బుక్కు ఉంటుంది.